యాభయ్యో పుట్టినరోజు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నా ప్రాణస్నేహితురాలికి వచ్చే నెల 50 ఏళ్లు నిండుతాయి. 40 మందిని పిలిచి సందడిగా చేద్దామనుకుంటున్నాను. కానీ ఈమధ్య ఏ పార్టీ చూసినా జనం కుర్చీలకు అతుక్కుపోయి, కేక్ తినగానే లేచి వెళ్లిపోతున్నారు. అలా కాకూడదంటే ఏం చేయాలి?

జవాబు: అలంకరణ సంగతి తర్వాత, ముందు గది చూడండి. 150 మంది పట్టే హాల్లో 40 మంది తలో మూలా చేరితే ఎన్ని పాటలు పెట్టినా బోసిగానే ఉంటుంది. కాస్త ఇరుకనిపించే గదే మేలు. పెద్ద హాలే దొరికితే సగం తెర కట్టి మూసేయండి. కుర్చీలు పాతిక చాలు, అవీ గోడల వెంట. అందరికీ కుర్చీ ఉంటే అందరూ కూర్చుంటారు, కూర్చున్నవాళ్లు ఓ పట్టాన లేవరు. పెద్దవాళ్ల కుర్చీలు మాత్రం స్పీకర్లకు దూరంగా వేయండి.

అసలు చిక్కు కేక్ వేళతోనే. కేక్ కోశారంటే ఇక బయల్దేరవచ్చని అతిథుల లెక్క. వచ్చీ రాగానే కోస్తే హాలు ఖాళీ అవుతుంది. మరీ ఆలస్యమైతే పిల్లలున్నవాళ్లు మెల్లగా జారుకుంటారు. పలకరింపులకు 45 నిమిషాలు వదిలి, ఆపైన తెర మీద పాత ఫొటోలు, ఆమె గురించి మాటలు, వెంటనే కేక్ పెట్టుకోండి. ముక్కలు పంచుతుండగానే డాన్సు పాట మొదలైపోవాలి. మధ్యలో ఐదు నిమిషాలు సద్దుమణిగిందా, తాళంచెవులు వెతుక్కుంటారు. మొదటి పాటకు దిగేందుకు నలుగురిని ముందే ఒప్పించి ఉంచండి, ఖాళీ నేల మీదికి మొదట అడుగు పెట్టడానికే అందరికీ మొహమాటం. పాటలు ఆమెకు 15-25 ఏళ్లున్నప్పటివి ఏరండి. కొత్త హిట్లు పిల్లలకోసం రెండు చాలు.

ఫొటోలు 60 దాటనివ్వకండి. ఒక్కోటి 5 సెకన్లు ఉంచితే 5 నిమిషాలు. ఆమె ఒక్కరే ఉన్నవాటికన్నా ఆ రోజు వచ్చేవాళ్లున్నవి తీసుకోండి. పాతికేళ్ల కిందటి తమ జుట్టు తెర మీద కనబడితే హాలు ఘొల్లుమంటుంది. ల్యాప్‌టాప్ మధ్యలో నిద్రపోకుండా స్లీప్ మోడ్ ముందే ఆపేయండి. మాట్లాడేవాళ్లు ముగ్గురు, తలా 2 నిమిషాలు. మైకు స్పీకర్ ఎదురుగా వస్తే అందులోంచి వచ్చే శబ్దాన్నే మళ్లీ పట్టుకుని కీచుమంటుంది. అందుకే స్పీకర్లు మైకుకన్నా ముందుకు, మూతి జనం వైపు ఉండాలి.

ప్రశ్న: కేక్ మీద నిజంగానే 50 కొవ్వొత్తులు పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు, కానీ ఒక్కరే వెలిగిస్తే ఒక్కోదానికి 2 సెకన్లు చూసుకున్నా నిమిషంన్నర దాటుతుంది. చివరిది అంటుకునేసరికి మొదటిది కారి క్రీము మీద పడుతుంది. దగ్గరదగ్గరగా ఉన్న మంటల వేడికి క్రీమూ జారుతుంది. ఇద్దరు కలిసి, మధ్య నుంచి అంచులకు వెలిగిస్తూ రండి, చేయి మంటల మీదుగా పోనక్కర్లేదు. మా ఓటు మాత్రం 5, 0 అంకెల కొవ్వొత్తులకే.

ప్రశ్న: గాలిలో తేలే బెలూన్లు ముందురోజే నింపి పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. హీలియం రబ్బరు గుండా నెమ్మదిగా బయటికి పోతుంది, 11 అంగుళాల మామూలు బెలూన్ ఒక్క పూట గట్టిగా తేలితే గొప్ప. పార్టీ రోజు మధ్యాహ్నం నింపించండి. మెరిసే ఫాయిల్ రకం కొన్ని రోజులు నిలుస్తుంది. నింపేది హీలియమేనా అని అడిగి మరీ తెలుసుకోండి. హైడ్రోజన్ అయితే నిప్పు తగలగానే భగ్గుమంటుంది, కొవ్వొత్తులున్న చోటికి అది అసలు రాకూడదు.