ఇంట్లో మళ్లీ పూసిన ఆర్కిడ్ రంగు ఎందుకు మారుతుంది?

కొన్నప్పుడు చిక్కటి వంకాయ రంగులో ఉన్న ఫెలనాప్సిస్ రకం ఆర్కిడ్, ఇంట్లో రెండోసారి పూసేసరికి లేత గులాబీకి దిగిపోయిందన్నారు. ఎరువు తక్కువైందా, మొక్కకు జబ్బు చేసిందా అని అడిగారు. మీరు చెప్పినట్టు పువ్వంతా ఒకే తీరుగా లేతబడి ఉంటే రెండూ కాదు. మొగ్గలు తయారైన రోజుల్లో ఆ గదిలో ఉన్న వేడి, వెలుతురే దీనికి కారణం అయ్యుంటాయి. మొక్క అదే, దాని జన్యువులూ అవే. టెన్షన్ పడకండి.

నేను ఏళ్లుగా ఇంట్లో ఆర్కిడ్లు పెంచుతున్నాను. ఒకే మొక్క చల్లటి రోజుల్లో ఒక రంగు, ఎండలు ముదిరాక ఇంకో రంగు పూయడం చాలాసార్లు చూశాను. అన్నిటికన్నా స్పష్టంగా కనబడింది మాత్రం ఒకే పూల కాడ మీద. ఫెలనాప్సిస్ కాడకు మొదట్లో ఉన్న మొగ్గలు ముందు విచ్చుకుంటాయి, కొసన ఉన్నవి వారాల తర్వాత విచ్చుకుంటాయి. ఒక ఏడాది మొదటి మొగ్గలు ఎదిగేటప్పుడు వాతావరణం బాగా వేడెక్కి, ఆ తర్వాత చల్లబడింది. కింది పూలు వెలిసిపోయిన గులాబీలో వచ్చాయి, రేకుల మీద ఈనెలు మాత్రమే కాస్త ముదురుగా ఉన్నాయి. కొసకు వెళ్లేకొద్దీ రంగు చిక్కబడుతూ, చివరి పువ్వు కొన్న రోజు చూసిన వంకాయ రంగుకే వచ్చేసింది. అదే కుండీ, అవే నీళ్లు, అదే ఎరువు. ఎవరైనా ఎరువును తప్పుపడితే నాకు ఆ కాడే గుర్తొస్తుంది.

గులాబీ, ఊదా రంగులిచ్చేవి ఆంథోసయనిన్లు. రేకుల కణాల్లోని రసంలో కరిగి ఉంటాయి. మొగ్గ ఎదుగుతున్నప్పుడే మొక్క వీటిని తయారుచేసుకుంటుంది. చల్లదనం, సరిపడా వెలుతురు ఉంటే తయారీ జోరుగా సాగుతుంది. వేడిగా ఉంటే మందగిస్తుంది, తయారైనవి కూడా తొందరగా విరిగిపోతాయి. పసుపు, నారింజ రంగులిచ్చే కెరోటినాయిడ్ల సంగతి వేరు, అవి కణంలో వేరే చోట ఉంటాయి. చాలా ఎర్ర ఆర్కిడ్లలో ఈ రెండూ కలిసి ఉంటాయి, పసుపు మీద ఊదా పడి మన కంటికి ఎరుపుగా కనిపిస్తుంది. వేడికి ఊదా పలచబడితే అడుగునున్న పసుపు బయటపడుతుంది. అప్పుడు పువ్వు లేతబడటమే కాదు, నారింజ వైపు జరిగి పూర్తిగా వేరే మొక్కలా కనబడుతుంది. మీకు ఎర్ర ఆర్కిడ్ కూడా ఉంటే దీన్ని గమనించండి, చాలా బాగుంటుంది.

వెలుతురు విషయంలో మన కళ్లు మనల్ని మోసం చేస్తాయి. ఫెలనాప్సిస్‌కు సుమారు 10,000 నుంచి 15,000 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు బాగా సరిపోతుంది. గది మధ్యలో బల్ల మీద చాలాసార్లు కొన్ని వందల లక్స్ మాత్రమే ఉంటుంది. మనకు గదంతా వెలుగ్గానే అనిపిస్తుంది, మొక్కకు మాత్రం అది చీకటితో సమానం. పైగా పెంపకందారులు గ్రీన్‌హౌస్‌లో చల్లదనం చూపించే కాడ వేయిస్తారు. 28 డిగ్రీలు దాటిన వేడి అలాగే కొనసాగితే ఫెలనాప్సిస్ ఆకులు వేస్తుందే తప్ప కాడ వేయదు. మీరు కొన్న పువ్వు అలాంటి అదుపులో పెరిగింది. ఇంట్లో పూసిన పువ్వును దానితో పోల్చడం అన్యాయం.

నేల పులుపును బట్టి హైడ్రాంజియా పూలు నీలమో గులాబీయో అవుతాయి కాబట్టి ఆర్కిడ్‌కూ అదే వర్తిస్తుందని కొందరు వెనిగర్, ఇనుప మేకులు, ఎప్సమ్ సాల్ట్ సలహా ఇస్తుంటారు. దయచేసి వేయకండి. హైడ్రాంజియా రంగు మారేది పుల్లటి మట్టిలో అందే అల్యూమినియం వల్ల. ఆర్కిడ్‌లో ఆ ఏర్పాటు లేదు. వెనిగర్ పోస్తే దెబ్బతినేది వేర్లే.

కొన్నది ముదురు నీలం ఫెలనాప్సిస్ అయి, ఇంట్లో తెల్లగా పూస్తే మాత్రం కథ వేరు. అది తెల్ల ఆర్కిడ్ కాడలోకి రంగు ఎక్కించి అమ్మినది. కాడ మీద సూది గుచ్చిన చిన్న రంధ్రం, చుట్టూ నీలి మరక చాలాసార్లు కనిపిస్తాయి. తర్వాత వచ్చే కాడలన్నీ తెలుపే. ఇంకొన్నిసార్లు ఒకే కుండీలో రెండు మొక్కలు పెట్టి అమ్ముతారు, ఈసారి పూసింది రెండోది కావచ్చు. ఆకుల మొదళ్లు విడదీసి చూస్తే తెలిసిపోతుంది.

విచ్చుకున్నాక మారే రంగు వేరే లెక్క. కొన్ని పసుపు రకాలు వయసు పెరిగేకొద్దీ మీగడ రంగుకు వెలిసిపోతాయి. సింబీడియం అనే ఇంకో రకం ఆర్కిడ్‌లో పరాగసంపర్కం జరిగినా, దగ్గర్లో మాగుతున్న పళ్ల నుంచి వచ్చే ఎథిలీన్ వాయువు తగిలినా కింది పెదవి రేకు ఎర్రబారి పువ్వు త్వరగా వాడిపోతుంది.

నిజంగా కంగారు పడాల్సింది ఒక్కదాని గురించే, వైరస్. ఓడోంటోగ్లోసమ్ రింగ్‌స్పాట్ వైరస్ సోకితే రేకుల మీద రంగు ముక్కలుగా విరుగుతుంది. ఒకచోట వెలిసిన చార, పక్కనే ముదురు మచ్చ, ఒక రేకుకూ ఇంకో రేకుకూ పొంతన ఉండదు. వాతావరణం వల్ల వచ్చే మార్పు ఇలా అతుకులుగా ఉండదు. మచ్చల హార్లెక్విన్ రకాల్లో పువ్వు పువ్వుకీ మచ్చలు మారడం సహజం, వాటిని చూసి భయపడొద్దు. వైరస్‌కు మందు లేదు. కత్తెర ద్వారా పక్క మొక్కకు పాకుతుంది కాబట్టి ఒక మొక్క కోశాక బ్లేడును మంట మీద బాగా కాల్చి, చల్లారాకే ఇంకో మొక్క ముట్టుకుంటాను.

ఫొటోలను నమ్మి రంగు పోల్చకండి, ఫోన్ కెమెరాలు ఊదాను తరచూ నీలం వైపు నెట్టేస్తాయి. పగటి వెలుతురులో మీ కళ్లతో చూడండి.

ఇప్పుడున్న పూల రంగు ఇక ముదరదు. అవి రాలాక పాత కాడను సగానికి కోసి మళ్లీ పూయించాలని చూడకండి. కోసిన చోటికి కింద ఉన్న కణుపు నుంచి వచ్చే పూలు చిన్నవిగా ఉంటాయి, పైగా అవీ ఇదే వేడిలో ఎదుగుతాయి. కాడను మొదట్లోకి కోసేసి, కుండీని మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా తగలని కిటికీ దగ్గరికి మార్చండి. చల్లబడ్డాక కొత్త కాడ వస్తుంది. అది కనిపించాక కిటికీని రాత్రిపూట కాస్త తెరిచి ఉంచి, కుండీని మాత్రం అక్కడి నుంచి కదపకండి. మొగ్గ దశలో చోటు మారితే మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోవచ్చు.