“చూస్తానండి” అని వచ్చేశాను, ఇప్పుడెలా?

ప్రశ్న: ద్వారకానగర్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో 6 ఏళ్లుగా అకౌంటెంట్‌గా పనిచేస్తున్నాను. 22 సంస్థల నెలవారీ జీఎస్టీ రిటర్నులు నా చేతిలో ఉన్నాయి. సహోద్యోగి ఒకరు మానేయడంతో ఆయన చూసే 9 సంస్థలను కూడా నన్నే చూడమంటున్నారు. ఇప్పటికే ఇంటికి చేరాక రాత్రి 11 దాకా పని చేస్తున్నాను. పని నేర్పిన పెద్దాయన మాట కాదనలేక “చూస్తానండి” అని వచ్చేశాను. ఆయన మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: “చూస్తానండి” అన్న మాటను మీరు వాయిదా అనుకున్నారు గాని, ఆయన దానిని ఒప్పుకోలుగానే తీసుకుని ఉంటారు, ఆ 9 సంస్థల వారికి ఈపాటికే మీ పేరు చెప్పి ఉండవచ్చు. కాబట్టి ఆ మాటను రేపే సరిదిద్దండి.

పెద్దవారికి కుదరదని చెప్పడం అవిధేయతగా తోచడం సహజమే. అయితే ఒప్పుకుని గడువు తప్పడం వల్ల ఆయనకు కలిగే నష్టం ఇంకా పెద్దది. అమ్మకాల బిల్లుల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 రిటర్ను 11వ తేదీ దాటితే, సరుకు కొన్నవారికి ఆ నెల 2బీలో, అంటే వారి కొనుగోళ్ల పట్టికలో, ఆ బిల్లులు కనిపించక వారి ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్లపై కట్టిన పన్నును తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) ఆ నెలకు ఆగిపోతుంది. పన్ను లెక్క చూపి కట్టే 3బీ రిటర్ను 20వ తేదీ దాటితే పన్ను కట్టవలసిన సంస్థకు రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, బాకీపై ఏడాదికి 18 శాతం వడ్డీ పడతాయి. అప్పుడు మాట పడేది ఆయనే.

ఉదయం క్లయింట్లు రాకముందు, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు కలవండి. “నావల్ల కాదు” అనకండి, అందులో విసుగు ధ్వనిస్తుంది. “సార్, ఈ 9 కూడా తీసుకుంటే 11వ తేదీలోపు అన్నీ తెమలవు. నా దగ్గరున్న వాటిలో కొన్నింటిని వేరొకరికి ఇస్తే, వాటి బదులు వీటిలో అన్నే సంస్థలను తీసుకుంటాను. లేదా కొత్తగా ఎవరైనా చేరితే 20వ తేదీ తర్వాత కూర్చుని నేర్పుతాను” అనండి. ఏది ఆపాలో, ఎవరికి ఇవ్వాలో నిర్ణయించే అధికారం ఆయన చేతిలోనే ఉంటుంది కనుక ఆయన గౌరవానికి లోటు రాదు. పిల్లల పరీక్షలనో, అత్తగారి ఆరోగ్యమనో సాకు చెప్పడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఆ కారణం తీరిన మరునాడే ఆ ఫైళ్లు మీ బల్ల మీదికి వస్తాయి.

“ఈ ఒక్క నెలా చూడమ్మా” అని ఆయన అడిగితే, చేయగలిగిన రెండు మూడు సంస్థల పేర్లే చెప్పి, ఏ తేదీ వరకో అక్కడే అడిగి తెలుసుకోండి.

వెళ్లేటప్పుడు 1వ తేదీ నుంచి 20 వరకు ఏ రోజు ఏ సంస్థ పని చేస్తున్నారో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. మీరు రాత్రిళ్లు చేసే పని ఆయన కంటపడదు. 22 సంస్థల పనీ పగటిపూటే పూర్తవుతోందనే నమ్మకంతోనే ఆయన మరో 9 ఇస్తున్నారేమో. ఆ రాత్రి గంటలను కూడా ఆ కాగితంలో వేయండి.