ఒకే తేదీ, ఒకే మొత్తం

ప్రశ్న: మారతహళ్ళిలో మేము నడిపే పీజీ అద్దె వసూళ్ళకు మైఎస్‌క్యూఎల్ 8.0 డేటాబేస్‌లో ‘సమ్’, ‘ఓవర్’, ‘ఆర్డర్ బై తేదీ’ వాడి రన్నింగ్ టోటల్ (ప్రతి వరుస దగ్గర అప్పటిదాకా వచ్చిన మొత్తం) తీశాను. 5వ తేదీన ముగ్గురు అద్దె కడితే, ఆ మూడు వరుసల్లోనూ ఒకే మొత్తం కనిపిస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: కూడికలో తప్పేమీ లేదు. విండో హద్దులను, అంటే ఏ వరుస నుంచి ఏ వరుస దాకా కూడాలో, మీరు చెప్పనప్పుడు ‘రేంజ్’ పద్ధతి వర్తిస్తుంది కనుక, ఒకే తేదీ ఉన్న వరుసలన్నీ ఒక్కసారిగా మొత్తంలో చేరిపోతాయి. చాలామందిని తికమకపెట్టే నియమమిది. ‘ఆర్డర్ బై’ తరువాత ‘రోస్ అన్‌బౌండెడ్ ప్రిసీడింగ్’ అని రాస్తే వరుస వెంట వరుస కూడుతుంది. అయితే ఆ ముగ్గురిలో ఎవరు ముందన్నది డేటాబేస్ ఇష్టానికి వదిలేసినట్లవుతుంది గనుక, ‘ఆర్డర్ బై’లో తేదీ పక్కన రసీదు సంఖ్యను కూడా తప్పక చేర్చండి. ప్రతి గదికీ మొత్తం విడిగా కావాలంటే ‘పార్టిషన్ బై’ ఉండనే ఉంది.