మిగ్ మెషీన్‌కు ఏ గ్యాస్ పెట్టాలి: సోమేశుకు మావయ్య ఉత్తరం

చిరంజీవి సోమేశుకు మావయ్య ఆశీస్సులు.

జయపురంలో షెడ్డు వేసి 250 ఆంప్ మిగ్ మెషీన్ (వైరు దానంతటదే వస్తూ, కరిగిన ఇనుముకు గాలి తగలకుండా గ్యాస్ కప్పుతుండగా వెల్డ్ చేసేది) దించావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గ్యాస్‌గా సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) చాలంటారు కొందరు, ఆర్గాన్ మిక్స్ (ఆర్గాన్‌లో కొంత సీఓటూ కలిపింది) లేకపోతే పని పనే కాదంటారు ఇంకొందరు. వాళ్లు చేసే పని వేరు, నీ పని వేరు. నీ దగ్గరికి వచ్చే ఇనుము మందం చూడు, మెషీన్ ఎంత కరెంటు ఇస్తుందో చూడు. గ్యాస్ ఆ తర్వాతి మాట.

ట్రాక్టరు ట్రాలీల చాసిస్, 8, 10 మి.మీ. చానెళ్లు, షెడ్డు స్తంభాల బేస్ ప్లేట్లు లాంటి పనులకు ఉత్త సీఓటూయే పెట్టు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, వేడి లోతుకు దిగి వేరు (జాయింటు అడుగు) దాకా కరుగుతుంది. స్పాటర్ (ఎగిరిపడి అతుక్కునే కరిగిన చుక్కలు) మాత్రం ఎక్కువ, బీడు (వెల్డ్ గీత) కాస్త గరుకుగా వస్తుంది. ఆర్క్ వేడికి సీఓటూ విడిపోయి కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ అవుతాయి. ఆ ఆక్సిజన్ కరిగిన ఇనుములో కలవకుండా పట్టేది వైరులోని మాంగనీసు, సిలికాన్. అందుకే సీఓటూతో ఈఆర్70ఎస్-6 వైరే వాడాలి. అందులో మాంగనీసు 1.40 నుంచి 1.85 శాతం, సిలికాన్ 0.80 నుంచి 1.15 శాతం ఉంటాయి. పేరులేని చవక వైరు పెట్టి, బీడులో బెజ్జాలు వచ్చాయని గ్యాస్‌ను తిట్టుకుంటే లాభం లేదు. బీడు మీద గోధుమరంగు గాజు పెంకుల్లా కనిపించేది సిలికాన్ మడ్డి. రంగు వేసేముందు దాన్ని గీకెయ్యి. లేకపోతే పెంకుతో పాటే రంగూ ఊడొస్తుంది.

గేట్లు, గ్రిల్స్, 1.6, 2 మి.మీ. పైపులు, నీళ్ల ట్యాంకు షీట్లకైతే 80 శాతం ఆర్గాన్, 20 శాతం సీఓటూ మిక్స్ పెట్టు. 0.8 మి.మీ. వైరుతో 17, 18 వోల్టుల దగ్గర ఆర్క్ మెత్తగా నిలబడుతుంది, షీటుకు చిల్లు పడే భయం తగ్గుతుంది. ఖరీదు ఎక్కువే, కాదనను. కానీ గేటు పనిలో అసలు డబ్బు పోయేది గ్రైండింగ్ దగ్గర. స్పాటర్ గీకే కుర్రాడి కూలీ, డిస్కులు కలిపి లెక్కవేస్తే మిక్సే చవక పడుతుంది. చాసిస్‌కు ఆ లెక్క కుదరదు, అక్కడ ఎవరూ వేలుపెట్టి నునుపు చూడరు.

90-10 మిక్స్ (90 శాతం ఆర్గాన్, 10 శాతం సీఓటూ) కొనమని నీకు ఎవరైనా చెబితే ఒప్పుకోకు. అది స్ప్రే పద్ధతిలో (కరిగిన వైరు సన్నని తుంపరలా పడేలా) వెల్డింగ్ చేసే పెద్ద మెషీన్లకు. 1.2 మి.మీ. వైరుతో స్ప్రే రావాలంటే 90-10లో కూడా 230 ఆంప్స్ పైన నడపాలి, 80-20లో అయితే 260, 270 దాటాలి. మెషీన్ మీద 250 అని రాసి ఉన్నా, అది 60 శాతం డ్యూటీ సైకిల్‌కు (పది నిమిషాల్లో ఆరు నిమిషాలే నడపడానికి) అయితే, ఆపకుండా నడిపేందుకు 195 ఆంప్స్ లోపే. ఉత్త సీఓటూలో ఎంత కరెంటు పెట్టినా స్ప్రే రాదు. ఇక ఉత్త ఆర్గాన్ ఇనుముకు అసలు పనికిరాదు. ఆర్క్ అటూ ఇటూ తిరుగుతుంది, బీడు తాడులా పైకి లేస్తుంది, అంచుల్లో అండర్‌కట్ (గాడి) పడుతుంది. టిగ్ (టంగ్‌స్టన్ మొనతో చేసే వెల్డింగ్) కోసం తెచ్చిన ఆర్గాన్ సిలిండరును మిగ్‌కు తగిలించొద్దు.

గ్యాస్ మార్చినప్పుడు సెట్టింగ్ అలాగే వదిలేయకు. సీఓటూ నుంచి 80-20కి వస్తే అదే వైరు వేగానికి రెండు వోల్టులు తగ్గించి మొదలుపెట్టు. మిక్స్‌తో టార్చి (చేత్తో పట్టుకునే వెల్డింగ్ గన్) కూడా ఎక్కువ వేడెక్కుతుంది. సీఓటూలో 250 ఆంప్స్‌కు రాసిన టార్చి మిక్స్‌లో 200కే అలసిపోతుంది.

సిలిండర్ల సంగతి. 30 కిలోల సీఓటూ సిలిండరులో దాదాపు 16,000 లీటర్ల గ్యాస్, నిమిషానికి 12 లీటర్లు వదిలితే 22 గంటల ఆర్క్. 7 క్యూబిక్ మీటర్ల మిక్స్ అదే లెక్కన తొమ్మిదిన్నర గంటలకు పైన. సీఓటూ లోపల ద్రవంగా ఉంటుంది కాబట్టి ద్రవం అయిపోయేదాకా గేజ్ ముల్లు పెద్దగా దిగదు. ఎంత మిగిలిందో తూకం వేసే తెలుసుకోవాలి. మిక్స్‌లో ముల్లు దిగుతున్న కొద్దీ గ్యాస్ తగ్గినట్టే. గ్యాస్ విశాఖ నుంచి ఘాట్ ఎక్కి రావాలి, వానల్లో లారీ ఆలస్యమవుతుంది, ఒక నిండు సిలిండరు ఎప్పుడూ పక్కన ఉంచు. సీఓటూ సిలిండరును నిలబెట్టే వాడాలి. అగ్నిమాపకాలు నింపే, లోపల గొట్టం ఉన్న సిలిండరు ఇస్తే వెనక్కి పంపు, దాన్నుంచి గ్యాస్ బదులు ద్రవం వస్తుంది. రెగ్యులేటరుకు హీటర్ తప్పనిసరి. మీ కోరాపుట్ చలికాలం ఉదయాల్లో హీటర్ లేకుండా నడిపితే మంచు గడ్డకట్టి గ్యాస్ ఆగి ఆగి వస్తుంది. ఒకే సిలిండరుకు రెండు మెషీన్లు తగిలించినా అంతే. సీఓటూ రెగ్యులేటరును మిక్స్ సిలిండరుకు బిగించకు, అక్కడి 150 బార్ ఒత్తిడికి అది చేసినది కాదు. మిక్స్ సిలిండరును దొర్లించకపోతే గ్యాస్‌లు విడిపోతాయంటారు. ఒకసారి బాగా కలిసినవి విడిపోవు. కలపడం నింపేవాడి పని.

బీడులో బెజ్జాలు పడితే అందరూ ఫ్లో పెంచుతారు. అదే తప్పు. నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు చాలు. 25 దాటితే గ్యాస్ సుడి తిరిగి గాలిని లోపలికి లాగుతుంది, బెజ్జాలు ఇంకా పెరుగుతాయి. ముందు టార్చి మూతికుండే నాజిల్‌లో స్పాటర్ పేరుకుందా చూడు, తర్వాత గొట్టం జాయింట్లకు సబ్బునీళ్లు పెట్టు, టార్చి వెనక ఓ-రింగు చూడు, నాజిల్‌ను పనికి 15 మి.మీ. దూరంలో ఉంచు. ఇవన్నీ సరిగ్గా ఉంటే ఇనుము మీది తుప్పు, నూనె, తడి చూడు. నీ షెడ్డు రోడ్డువైపు తెరిచి ఉందట. గంటకు 8 కిలోమీటర్ల గాలి చాలు గ్యాస్ కవచం చెదిరిపోడానికి. ఆ వైపు టార్పాలిన్ కట్టు. కట్టలేని చోట, పొలంలో విరిగిన నాగలి దగ్గర, గ్యాస్ పక్కనపెట్టి 7018 రాడ్డుతో (గ్యాస్ అక్కర్లేని ఆర్క్ వెల్డింగ్ రాడ్డు) చెయ్యి.

ట్యాంకు లోపలికి దిగి వెల్డింగ్ చేసేటప్పుడు చాలా జాగ్రత్త, బాబూ. ఆర్గాన్, సీఓటూ రెండూ గాలికంటే బరువు, అడుగున పేరుకుంటాయి. పైగా సీఓటూ ఆర్క్‌లో కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి వాసన ఉండదు. బ్లోయర్ పెట్టి, పైన మనిషిని నిలబెట్టి మాత్రమే దిగు. బ్రేక్‌కు బయటకొస్తే టార్చి లోపల వదలకు.

మొదటి ఆర్డరుకు 30 కిలోల సీఓటూ ఒకటి, 80-20 ఒకటి చెప్పు. రెండూ వెల్డింగ్ గ్రేడు కావాలని చీటీలో రాయించుకో. కొత్త సిలిండరు తగిలించిన ప్రతిసారీ 6 మి.మీ. ముక్కలు రెండు టీ ఆకారంలో పెట్టి ఒకవైపే వెల్డ్ చేసి, చల్లారాక సుత్తితో బీడు మీదికి మడిచి విరగ్గొట్టు. విరిగినచోట వేరు దాకా కరిగిందా, బెజ్జాలున్నాయా చూసుకున్నాకే అసలు పని మొదలుపెట్టు.

మీ మావయ్య
రాయగడ