సౌండ్ సందేహాలు: తప్పు బాక్స్‌దా, ఆంప్‌దా, వైరుదా?

ప్రశ్న: మా స్టీరియో ఆంప్లిఫయర్‌లో ఎడమ స్పీకర్ ఉన్నట్టుండి సన్నగా అయిపోతోంది. వాల్యూమ్ బాగా పెంచితే ఒక్కసారిగా తెరుచుకున్నట్టు వస్తుంది, తగ్గించిన కాసేపటికి మళ్లీ అదే కథ. చూసినవాళ్లు స్పీకర్ పోయింది, కొత్తది వేయాలి అంటున్నారు. వేయించమంటారా?

జవాబు: అప్పుడే ఏమీ కొనకండి. ఆంప్ స్విచ్ ఆపి, వెనకాల ఎడమ బాక్స్ వైర్లు కుడివైపుకి, కుడి బాక్స్ వైర్లు ఎడమవైపుకి మార్చి పెట్టి వినండి. ఇప్పుడు కుడి బాక్స్ సన్నబడి ఎడమది బాగా మోగిందంటే మీ స్పీకర్లు రెండూ బాగున్నట్టే, లోపం ఆంప్‌లోనో దానికి ముందో ఉంది. వైర్లు యథాస్థానంలో పెట్టేసి, ఈసారి ఆంప్‌లోకి వచ్చే ఇన్‌పుట్ పిన్నులు మాత్రం అటుదిటు మార్చండి. లోపం కూడా వైపు మారితే తప్పు ప్లేయర్‌లోనో ఆ కేబుల్‌లోనో ఉంది, మారకపోతే ఆంప్‌లోనే. ఒక్కసారికి ఒక్క చోటే మార్చండి, రెండు చోట్ల కలిపి మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు. ఈ పది నిమిషాల పని చేయకుండా స్పీకర్లు మార్పించినవాళ్లను నేను చాలామందిని చూశాను, పాత స్పీకర్ పక్కన పడుంటుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి నా అనుమానం రిలే మీద. ఆంప్ ఆన్ చేసిన రెండు మూడు సెకన్లకి లోపల 'టక్' మని చిన్న శబ్దం వస్తుంది కదా, అది స్పీకర్లను కలిపే రిలే. ఏళ్లు గడిచేకొద్దీ దాని కాంటాక్ట్‌ల మీద నల్లటి పొర కడుతుంది. సన్నని సిగ్నల్ ఆ పొరను దాటలేదు, వాల్యూమ్ పెంచినప్పుడు వోల్టేజ్ పెరిగి దాటేస్తుంది, అందుకే మీకు తెరుచుకున్నట్టు వినిపిస్తోంది. గరుకు కాగితంతో రుద్దితే కొన్నాళ్లు పనిచేస్తుంది గానీ కాంటాక్ట్ మీది పూత కూడా పోతుంది కాబట్టి నేనైతే రుద్దను. అదే కాయిల్ వోల్టేజ్, కాంటాక్ట్‌లకు అంతే ఆంపియర్లు ఉన్న కొత్త రిలే వేయించండి. మీ ఆంప్‌కి ముందువైపు ఏ-బి స్పీకర్ స్విచ్ (రెండు జతల స్పీకర్లలో ఏది మోగాలో ఎంచేది) ఉంటే, అంతకంటే ముందు పవర్ ఆపి దాన్ని ఓ ఇరవై సార్లు అటూ ఇటూ నొక్కి చూడండి, ఇదే జబ్బు దానికీ వస్తుంది.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌ని మిక్సర్‌కి కలిపితే చాలు బాక్సుల్లో 'బుయ్' మని హమ్మింగ్. తీసేస్తే నిశ్శబ్దం. ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేస్తే పోతుందని ఒకరు చెప్పారు, చేసి చూస్తే నిజంగానే పోయింది. అలాగే ఉంచేయొచ్చా?

జవాబు: వద్దండి, దయచేసి ఇవాళే ఆ పిన్ తిరిగి పెట్టేయండి. లోపల ఎప్పుడైనా కరెంటు తీగ ఊడి డబ్బాకి తగిలితే ఆ కరెంటు భూమిలోకి పోయి ఫ్యూజ్ కొట్టేయడానికి ఉన్న దారి అదొక్కటే. ఆ దారి మూసేస్తే మిక్సర్ బాడీకి, దానికి కలిపిన మైకు పట్టుకున్న మనిషికి కూడా కరెంటు పాకుతుంది. పాడుతూ మైకుని పెదవులకి ఆనించే మనిషిని తలుచుకోండి, హమ్మింగ్ కోసం ఆ ప్రమాదం ఎవరూ తీసుకోకూడదు.

అసలు కారణం ఇది. ల్యాప్‌టాప్ చార్జర్ ద్వారా ఒక ఎర్త్, మిక్సర్ ద్వారా ఇంకో ఎర్త్, ఈ రెండింటినీ మీ ఆడియో కేబుల్ కవచం కలుపుతోంది. ఒక చుట్టు ఏర్పడింది, అందులో సన్నగా కరెంటు తిరుగుతుంటే 50 లేదా 60 హెర్ట్జ్ మూలుగు వినిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే చార్జర్ పీకేసి ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడిపి చూడండి. శబ్దం పోతే ఇదే జబ్బు. ముందు రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ గానీ ఆడియో ఐసోలేటర్ గానీ పెట్టండి. సిగ్నల్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా దాటుతుంది, తీగల కలయిక తెగిపోతుంది, ఎర్త్ పిన్ ఎక్కడిది అక్కడే ఉంటుంది.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట. ఇన్‌పుట్లన్నీ పీకేసి, వాల్యూమ్ సున్నాలో పెట్టినా మూలుగు అలాగే ఉంటే అది ఎర్త్ గొడవ కాదు. ఆంప్‌లో పవర్ సప్లై కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు, వాటి పైమూత ఉబ్బిందేమో మెకానిక్‌ని చూడమనండి. ఆ శబ్దం కాస్త కీచుగా, మెయిన్స్‌కి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో ఉంటుంది.

ప్రశ్న: పవర్ ఆంప్ ఆన్ చేయగానే ఫ్యూజ్ పోతోంది. మూడు మార్చాను. ఇంకాస్త ఎక్కువ ఆంపియర్లది వేస్తే ఆగుతుందా?

జవాబు: ఫ్యూజ్ ఆగుతుంది, ఆంప్ పోతుంది. ఓసారి నా బల్ల మీదికి వచ్చిన ఆంప్‌లో ఫ్యూజ్ ఉండాల్సిన చోట రాగితీగ మెలిపెట్టి ఉంది. మూత తీయగానే మాడిన వార్నిష్ వాసన గుప్పుమంది, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉన్న పసుపు టేపు గోధుమరంగుకి తిరిగి పెచ్చులు లేచింది. మొదట్లో పోయింది రెండు ట్రాన్సిస్టర్లే, ఆ తీగ పుణ్యాన ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోయింది. దాన్ని చూస్తే బాధేసింది.

ఇక్కడ చేయాల్సింది సిరీస్ బల్బు. 60 నుంచి 100 వాట్ల ఫిలమెంట్ బల్బుని ఆంప్‌కి వెళ్లే ఫేజ్ తీగకి సిరీస్‌లో కలిపి, స్పీకర్లు తీసేసి, సరైన ఫ్యూజే వేసి ఆన్ చేయాలి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే కెపాసిటర్లు నిండాయి, లోపల షార్ట్ లేదు. కాంతిగా వెలుగుతూనే ఉంటే షార్ట్ ఉంది, అయినా బల్బు కరెంటుని పట్టి ఉంచుతుంది కాబట్టి ఇంకేమీ కాలదు. అప్పుడు పవర్ పీకేసి ఒక్కో భాగాన్ని విడదీస్తూ రావాలి: ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ తీస్తే బల్బు ఆరిందా, ఏసీని డీసీ చేసే బ్రిడ్జి దాకా కలిపితే ఆరే ఉందా, అలా.

ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో చార్జి చాలాసేపు నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి. 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ని ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో అర నిమిషం పట్టి, మీటరుతో చూశాకే చెయ్యి పెట్టండి. కరెంటు పని అలవాటు లేకపోతే మూత తీయొద్దు, తెలిసిన మెకానిక్‌కి ఈ మాటలే చెప్పండి.

చాలావరకు దొరికేది అవుట్‌పుట్ ట్రాన్సిస్టరే, కలెక్టర్‌కీ ఎమిటర్‌కీ మధ్య మీటరు రెండువైపులా సున్నా చూపిస్తుంది. అదొక్కటే మార్చి ఆన్ చేస్తే కొత్తది కూడా మరుక్షణం పోవచ్చు, ఎందుకంటే దాని వెంట డ్రైవర్ ట్రాన్సిస్టర్, పక్కనుండే తెల్లటి సిరామిక్ ఎమిటర్ రెసిస్టర్ కూడా పోయి ఉండొచ్చు. అవన్నీ చూడాలి. హీట్ సింక్‌కి బిగించేటప్పుడు మధ్యలో మైకా రేకు, పేస్టు మరిచిపోకూడదు. మైకా లేకపోతే ట్రాన్సిస్టర్ వీపు డబ్బాకి తగిలి మళ్లీ షార్ట్. అంతా అయ్యాక, స్పీకర్ కలపకముందు, అవుట్‌పుట్‌లో డీసీ వోల్టేజ్ కొలవండి. కొన్ని పదుల మిల్లీవోల్టులైతే ఫర్వాలేదు. వోల్టుల్లో చూపిస్తే స్పీకర్ కలపకండి, దాని లోపలి కాయిల్ కాలిపోవచ్చు.

ప్రశ్న: మిక్సర్ ఫేడర్లు జరిపితే గరగర. మెషిన్ ఆయిల్ చుక్కలు వేశాను, వారం బాగుంది, ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. పైగా మూడో చానల్ అసలు మాట్లాడటం లేదు, లైటు మాత్రం ఆడుతోంది.

జవాబు: ఆయిల్ దుమ్ముని పట్టుకుని జిగురైపోతుంది, అందుకే పెరిగింది. ఫేడర్ల కోసమే తయారైన క్లీనర్ స్ప్రే ఉంటుంది, పవర్ ఆపి లోపలికి కొట్టి పైకీ కిందకీ ఓ ముప్ఫై సార్లు జరిపి, పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు ఆన్ చేయండి. అప్పటికీ గరగర పోకపోతే లోపలి కార్బన్ పట్టీ అరిగిపోయింది, ఫేడర్ మార్చడమే.

లైటు ఆడుతోందంటే మైకు సిగ్నల్ లోపలికి వస్తోంది, బయటికే పోవడం లేదు. మ్యూట్ బటన్, మెయిన్‌కి పంపే బటన్ చూశారనే అనుకుంటున్నాను. అవి సరిగ్గా ఉంటే చానల్ వెనక ఇన్సర్ట్ అని ఉండే జాక్ చూడండి. అందులో ఏమీ గుచ్చనప్పుడు లోపలి చిన్న స్ప్రింగ్ రేకు సిగ్నల్‌ని ముందుకి కలుపుతుంది. ఏళ్ల తరబడి వాడకపోతే ఆ రేకుకి చిలుము పట్టి దారి తెగిపోతుంది. ఒక జాక్ పిన్నుని అందులో పది పన్నెండు సార్లు గుచ్చి తీయండి. చాలాసార్లు చానల్ అక్కడికక్కడే పలుకుతుంది, మూత కూడా తీయక్కర్లేదు.

ప్రశ్న: 8 ఓమ్‌ల స్పీకర్‌ని మీటరుతో కొలిస్తే 6.2 చూపిస్తోంది. పోయినట్టేనా?

జవాబు: బాగానే ఉంది. 8 అనేది మోగేటప్పుడు ఉండే ఇంపీడెన్స్, మీటరు కొలిచేది డీసీ రెసిస్టెన్స్, అది ఎప్పుడూ తక్కువే, 8 ఓమ్‌లదానికి 5.5 నుంచి 7 మధ్య ఉంటుంది. ఏమీ చూపించకపోతేనే కాయిల్ తెగినట్టు.

అయినా శబ్దం బాగాలేదనిపిస్తే స్పీకర్‌ని విప్పి వెల్లకిలా పెట్టి, రెండు చేతుల వేళ్లు కోన్ అంచుకి సమానంగా ఆనించి మెల్లగా కిందికి నొక్కి వదలండి. చెవి దగ్గరగా పెట్టండి. నిశ్శబ్దంగా కదిలితే కాయిల్ బాగున్నట్టు, ఇసుక రాసుకున్నట్టు 'స్‌ర్' మంటే కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటోంది. మీటరు పెట్టి ఉంచే నొక్కండి. కోన్ ఒక చోటికి రాగానే అంకె మాయమై మళ్లీ వస్తోందంటే కోన్‌కి వెళ్లే అల్లిక తీగ లోపల తెగింది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. ఆ తీగ ఒక్కటీ మారిస్తే చాలు. మామూలు వైరు వేయకండి, అది వంగి వంగి కొన్నాళ్లకే విరుగుతుంది, స్పీకర్లకి వాడే మెత్తటి అల్లిక తీగే కావాలి. కోన్ పూర్తిగా పైకి లేచినా తీగ బిగుసుకోనంత వదులు ఉంచి టంకం పెట్టండి.