బొగ్గుతో డీజిలు తయారవుతుందా?

ప్రశ్న: మా నాన్న సింగరేణిలో చేసి రిటైరయ్యారు. దక్షిణాఫ్రికాలో బొగ్గుతో పెట్రోలు, డీజిలు తీస్తారని అంటుంటారు. నిజమేనా? మరి మనం ఎందుకు తీయడం లేదు?
– డిగ్రీ విద్యార్థిని, గోదావరిఖని

జవాబు: మీ నాన్నగారు చెప్పింది నిజమేనమ్మా. అక్కడ సాసోల్ కంపెనీ 1955 నుంచి తీస్తోంది. పద్ధతి మాత్రం జర్మనీది. 1920లలో ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రాప్ష్ కనిపెట్టారు.

ముందు బొగ్గు మీదికి నీటి ఆవిరి, ఆక్సిజన్ పంపి గ్యాస్ చేస్తారు. అందులో మనకు పనికొచ్చేవి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్. ఆ రెంటినీ ఒత్తిడితో, 200 నుంచి 350 డిగ్రీల వేడిలో, ఇనుము లేదా కోబాల్ట్ ఉత్ప్రేరకం (తాను ఖర్చవకుండా రసాయన చర్యను వేగంగా జరిపించేది) మీదుగా పోనిస్తారు. ఆక్సిజన్ చాలావరకు నీరుగా బయటికి పోతుంది. మిగిలిన కార్బన్ హైడ్రోజన్‌ను పట్టుకుని, దారానికి పూసలు గుచ్చినట్టు గొలుసు కడుతుంది. ఒక్క పూసతో ఆగితే మీథేన్. ఐదు నుంచి పది దాకా అయితే పెట్రోలు, ఇంకా పెరిగితే డీజిలు, మరీ పొడవైతే మైనం. డీజిలు ఒక్కటే కావాలంటే కుదరదు, అన్నీ కలిసే వస్తాయి. మైనాన్ని మళ్లీ హైడ్రోజన్‌తో విరగ్గొట్టి డీజిలు చేసుకుంటారు.

ఈ ఉత్ప్రేరకానికి పెద్ద శత్రువు గంధకం, అది తగిలితే ఉత్ప్రేరకం పనిచేయడం మానేస్తుంది. నేను 26 ఏళ్లు ఒక ఎరువుల ఫ్యాక్టరీలో ఉత్ప్రేరకాలు చూసేవాణ్ని. ఒకసారి గంధకాన్ని పీల్చే జింక్ ఆక్సైడ్ అయిపోవచ్చిందని మేం ఆలస్యంగా గమనించాం. తర్వాతి రియాక్టర్లో కార్బన్ మోనాక్సైడ్‌ను తగ్గించే రాగి ఉత్ప్రేరకం గుళికలు చూడ్డానికి ఎప్పటిలాగే ఉన్నాయి. కానీ బయటికొచ్చే గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ షిఫ్టు షిఫ్టుకీ పెరుగుతూ పోయింది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. చివరికి మొత్తం తీసేసి కొత్తది నింపాం. బొగ్గు గ్యాస్‌లో గంధకం ఇంకా ఎక్కువ. కాబట్టి అలాంటి ప్లాంటులో ఖర్చు, కష్టం చాలావరకు గ్యాస్‌ను తయారుచేసి శుభ్రం చేయడంలోనే ఉంటాయి.

మన బొగ్గుకు బూడిద సమస్య కూడా ఉంది. పైగా బొగ్గులో హైడ్రోజన్ తక్కువ. కొంత కార్బన్ మోనాక్సైడ్‌ను ఆవిరితో కలిపి హైడ్రోజన్ చేసుకోవాలి, అక్కడ కార్బన్ డయాక్సైడ్ బోలెడు వస్తుంది. ముడిచమురు దొరుకుతున్నంత కాలం ఇంత పెట్టుబడికి మన దగ్గర ఎవరూ తొందరపడరు.

అయినా ప్రయత్నం ఆగలేదు. 2021లో హైదరాబాద్ బీహెచ్ఈఎల్ మన బూడిద బొగ్గునే గ్యాస్ చేసి, డీజిలు కాకపోయినా, మిథనాల్ అనే ద్రవ ఇంధనం తీసింది. రోజుకు పావు టన్నే. కానీ పనికిరాదనుకున్న బొగ్గుతో తీశారు చూడండి, నాకు చాలా సంతోషం వేసింది. మీ నాన్నగారికి ఈ మాట చెప్పండి.