రైలు మార్గం వేసేముందు పురావస్తు తవ్వకాలు ఎందుకు చేస్తారు?

ఒకసారి మట్టి ఎత్తి కాంక్రీటు పోశాక కిందున్న చరిత్ర మళ్లీ దొరకదు, అందుకే. ముందు పాత పటాలు చూస్తారు, అక్కడక్కడా పరీక్ష కందకాలు తీస్తారు, ఆనవాళ్లుంటే పూర్తిగా తవ్వుతారు.

బ్రిటన్‌నే చూడండి. లండన్–బర్మింగ్‌హామ్ హైస్పీడ్ మార్గం ‘హెచ్‌ఎస్‌2’ కోసం యూస్టన్ స్టేషన్ పక్కనున్న పాత శ్మశానాన్ని తవ్వాల్సి వచ్చింది. వేలాది సమాధుల మధ్య 2019 జనవరిలో మాథ్యూ ఫ్లిండర్స్ అవశేషాలు దొరికాయి. ఓడలో ఆస్ట్రేలియాను చుట్టివచ్చి, ఆ పేరునే వాడుకలోకి తెచ్చిన నావికుడాయన, 1814లో చనిపోయారు. ఎలా గుర్తుపట్టారంటే, శవపేటిక మీద పేరు చెక్కిన పలక సీసంతో చేసింది కాబట్టి తుప్పు పట్టలేదు. ఆ చిన్న పలకే లేకపోతే ఆయనా పేరు తెలియని ఎముకల్లో కలిసిపోయేవారు! 2024లో సొంతూరు డోనింగ్టన్‌లో గౌరవంగా మళ్లీ ఖననం చేశారు.